మూర నుంచి ఆంగ్‌స్ట్రాం దాకా

పోయిన సెలవుల్లో మా ఇంట్లో జరిగిన సంగతితో ఈ పాఠం మొదలుపెడుతున్నాను.

మా ఊరు రంపచోడవరం పైన, కొండల్లో. తాత సంతలో నూతికి చేంతాడు కొన్నాడు. కొట్టాయన చేతులు చాచి, "ఇదిగో అయిదు బారలు" అని కొలిచి ఇచ్చాడు. ఇంటికొచ్చి బొక్కెన కట్టి వదిలితే నీళ్ళు అందలేదు. తిరిగి వెళ్ళి అడిగితే, "నీ కళ్ళ ముందే కదా కొలిచాను" అన్నాడంట. తాత ఏం చెప్పలేక వచ్చేశాడు. నేను టేపు పెట్టి చూశాను. 7 మీటర్ల 77 సెంటీమీటర్లు ఉంది. 5 బారలంటే 9 మీటర్ల 14 సెంటీమీటర్లు ఉండాలి. అంటే మూడు మూరలు తక్కువ! ఆయన చేతులు పూర్తిగా చాచలేదన్నమాట.

కొలత ఎవరి చేతిలో ఉంటే లాభం వాళ్ళదే. అందుకే మన పాత కొలతల్ని మీటర్లలోకి మార్చడం నేర్చుకోవాలి. అది వస్తే పరమాణువు దాకా కూడా వెళ్ళొచ్చు.

మన కొలతలు (టేపు లెక్కలో):
1 అంగుళం = 2.54 సెం.మీ.
1 జాన = 9 అంగుళాలు = 22.86 సెం.మీ.
1 మూర = 2 జానలు = 45.72 సెం.మీ.
1 గజం = 2 మూరలు = 91.44 సెం.మీ.
1 బార = 4 మూరలు = 182.88 సెం.మీ.

ఒక జాగ్రత్త. పాత లెక్కలో అంగుళం అంటే వేలి వెడల్పు, అవి మూరకి 24. టేపు మీది అంగుళం వేరు, అవి మూరకి 18. రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది.

ఆంగ్‌స్ట్రాం అంటే ఏమిటి?

స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ ఆంగ్‌స్ట్రాం (1814–1874) పేరు మీద వచ్చిన కొలత ఇది. ఆయన 1868లో సూర్యకాంతి వర్ణపటంలోని గీతల తరంగదైర్ఘ్యాలను మీటరులో వెయ్యి కోట్లవ వంతు లెక్కన రాశారు. ఆ వంతే ఆంగ్‌స్ట్రాం. అంటే 1 మీటరు = 10¹⁰ ఆంగ్‌స్ట్రాంలు. 10 ఆంగ్‌స్ట్రాంలు ఒక నానోమీటరు. హైడ్రోజన్ పరమాణువు వ్యాసం సుమారు 1 ఆంగ్‌స్ట్రాం.

ఎలా మార్చాలి?

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం చేరినట్టే, ఈ లెక్కలో మీటరే మన పంటు. ఈ ఒడ్డున మూర, ఆ ఒడ్డున ఆంగ్‌స్ట్రాం. ముందు మీటరులోకి ఎక్కాలి, తర్వాత దిగాలి. పెద్ద కొలత నుంచి చిన్న కొలతకి వెళ్తే గుణించాలి, చిన్న దాని నుంచి పెద్ద దానికి వెళ్తే భాగించాలి.

లెక్క 1: ఒక మూరకి ఎన్ని ఆంగ్‌స్ట్రాంలు?
మూర = 0.4572 మీ.
0.4572 × 10¹⁰ = 457.2 కోట్లు.
అలాగే జానకి 228.6 కోట్లు, అంగుళానికి 25.4 కోట్లు. "జానెడు పొట్ట" అని తేలిగ్గా అంటాం గానీ, చూశారా ఎంత ఉందో!

ఇంకో వింత. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరింది. మనిషికొక ఆంగ్‌స్ట్రాం చొప్పున వరసగా పేరిస్తే మొత్తం 80 సెం.మీ. వస్తుంది. అంటే మూడున్నర జానలు!

లెక్క 2: ఉప్పు స్ఫటికంలో పక్కపక్కనున్న సోడియం, క్లోరైడ్ అయాన్ల మధ్య దూరం 2.82 ఆంగ్‌స్ట్రాంలు. ఒక అంగుళంలో అలాంటి దూరాలు ఎన్ని పడతాయి?
25.4 కోట్లు ÷ 2.82 = సుమారు 9 కోట్లు.

ఎక్కడ పొరపాటు వస్తుంది?

అమలాపురం బజారులో పూలదండ మూర లెక్కనే అమ్ముతారు. ఆ మూర అమ్మేవాళ్ళ చెయ్యి. మా గదిలో అందరం మూరలు కొలుచుకున్నాం. నాది 42 సెం.మీ., ఆరో తరగతి తమ్ముడిది 36 సెం.మీ. తేడా 6 సెం.మీ. అంటే 60 కోట్ల ఆంగ్‌స్ట్రాంలు! కాబట్టి చేత్తో కొలిచి 457.2 అని దశాంశం దాకా రాయడం తప్పు. "సుమారు" అని రాయాలి. మీటరు అలా కాదు. 1983 నుంచి దాన్ని కాంతి వేగంతో నిర్ణయిస్తున్నారు. సంతలోనైనా, ప్రయోగశాలలోనైనా అది ఒక్కటే. మన దేశంలో తూనికలు, కొలతలకు మెట్రిక్ పద్ధతిని 1956లో చట్టం చేశారు.

మీరూ చెయ్యండి
1. మీ మూరని స్కేలుతో కొలిచి ఆంగ్‌స్ట్రాంలలో రాయండి.
2. ఒక గజానికి ఎన్ని నానోమీటర్లు?
3. వజ్రంలో పక్కపక్క కార్బన్ పరమాణువుల మధ్య దూరం 1.54 ఆంగ్‌స్ట్రాంలు. జానెడు పొడవులో అలాంటి దూరాలు ఎన్ని?

జవాబులు (చేశాకే చూడండి): 1. ఎవరిది వారిదే. 2. 91.44 కోట్లు. 3. సుమారు 148 కోట్లు.

చివరిగా ఒక మాట. ఆ మూడు మూరల తాడు మాకు తిరిగి రాలేదు. బడికి బయల్దేరే ముందు వెదురు కర్ర ఒకటి సరిగ్గా మూరెడు కోసి, జాన దగ్గర గాటు పెట్టి తాతకిచ్చాను. ఇప్పుడు తాత సంతకి ఆ కర్ర పట్టుకునే వెళ్తున్నాడు.