అమ్మాయి ‘సిస్టర్స్’లో చేరతానంటే

టెక్సాస్‌లో రాత్రి పదయ్యేసరికి గచ్చిబౌలిలో పొద్దున్న ఎనిమిదిన్నర. కొండాపూర్, నానక్‌రామ్‌గూడ ఇళ్లలో లంచ్ బాక్సులకు మూతలు పడే వేళ. టెక్సాస్‌లో డిగ్రీ చదువుతున్న అమ్మాయిల ఫోన్లు చాలావరకు ఆ హడావిడిలోనే వస్తాయి. “అమ్మా, మా క్యాంపస్‌లో క్రిస్టియన్ సొరోరిటీ ఒకటుంది. నన్ను తీసుకుంటామంటున్నారు. చేరనా?” అని ఓ అమ్మాయి అడుగుతుంది. ఒక చేత్తో కారు తాళాలు వెతుక్కుంటూ ఏదో ఒకటి చెప్పేస్తాం.

ఆ ‘ఏదో ఒకటి’ మన ఇళ్లలో రెండు రకాలుగా ఉంటుంది. సండే స్కూల్‌కు పంపి పెంచిన తల్లి “దేవునికి స్తోత్రం, మంచి సహవాసం దొరికింది” అని నిశ్చింతగా ఉండిపోతుంది. సొరోరిటీ అనగానే హాలీవుడ్ సినిమాల్లోని పార్టీలు గుర్తొచ్చే తండ్రి “అవన్నీ నీకెందుకు, చదువు చూసుకో” అంటాడు. ఇద్దరూ పేరు విని తీర్పు చెప్పినవాళ్లే. లోపల ఏం జరుగుతుందో ఇద్దరూ అడగలేదు. అడగాల్సింది అదే.

సొరోరిటీ అంటే కాలేజీ విద్యార్థినులు అక్కచెల్లెళ్లలా కలిసి పెట్టుకునే సంఘం. ముందు ఈ సంఘాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని మేకన్ పట్టణంలో, ఆడపిల్లలకు డిగ్రీలిచ్చే అధికారంతో 1836లో ఒక కాలేజీ ఏర్పడింది. మెథడిస్టుల అండతో నడిచిన ఆ వెస్లియన్ కాలేజీలో 1851లో విద్యార్థినులు అడెల్ఫియన్ సొసైటీ పెట్టుకున్నారు. మరుసటి ఏడాది ఫిలోమాథియన్ సొసైటీ వచ్చింది. ఆ రెండే తర్వాతి కాలంలో ఆల్ఫా డెల్టా పై, ఫై మ్యూ అనే గ్రీకు అక్షరాల పేర్లతో దేశమంతా విస్తరించాయి. అంటే ఈ అక్కచెల్లెళ్ల సంఘాలు మొలకెత్తిందే ఒక చర్చి కాలేజీ ఆవరణలో. కాలం గడిచేకొద్దీ వాటిలో చాలా వాటికి సొంత భవనాలు, విందులు, డాన్సులు, ఎవరిని తీసుకోవాలి ఎవరిని వద్దనాలి అనే పట్టింపులు వచ్చి చేరాయి.

స్నేహం కావాలి, విశ్వాసమూ ఉండాలి అనుకున్న అమ్మాయిలు అప్పుడు వేరే దారి వెతుక్కున్నారు. 1916లో కేన్సస్ విశ్వవిద్యాలయంలో మెథడిస్టు విద్యార్థినుల కోసం కప్పా ఫై మొదలైంది. 1925లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆల్ఫా డెల్టా కై పుట్టింది. రెండేళ్లకు అక్కడే అబ్బాయిలు ఆల్ఫా గామా ఒమేగా పెట్టుకున్నారు. మన పిల్లలు ఎక్కువగా వెళ్లే టెక్సాస్‌లో, ఆస్టిన్ క్యాంపస్‌లో 1988లో సిగ్మా ఫై లాంబ్డా వచ్చింది. అది ఏ ఒక్క డినామినేషన్‌కూ చెందినది కాదు. సభ్యులు ముద్దుగా ‘ఫై లాంబ్’ అంటారు. మన సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో దక్షిణాసియా అమ్మాయిలు డెల్టా ఫై ఒమేగా అనే సొరోరిటీ స్థాపించారు. అది మత సంఘం కాదు. ఇల్లు వదిలి దూరం వెళ్లిన ఆడపిల్లకు ‘నావాళ్లు’ అనుకోదగ్గ నలుగురు కావాలన్న కోరిక మాత్రం అన్నింటికీ మూలం.

ఇక వాటి ఆనవాయితీలు. సెమిస్టర్ మొదట్లో పరిచయ సమావేశాలు ఉంటాయి, దాన్ని రష్ అంటారు. ఎంపికైన కొత్త అమ్మాయి కొన్ని వారాలు ప్లెడ్జ్‌గా ఉండి సంఘం చరిత్ర, నియమాలు నేర్చుకుంటుంది. ఆమెకు ఒక సీనియర్‌ను ‘బిగ్ సిస్టర్’గా జతచేస్తారు. చివర ప్రమాణం చేయించి సభ్యురాలిని చేసుకుంటారు. ఆ కార్యక్రమాన్ని చాలా సంఘాలు బయటివాళ్లకు చూపించవు. క్రైస్తవ సంఘాల్లో వీటితోపాటు బైబిల్ స్టడీ, ప్రార్థన, సేవా కార్యక్రమాలు ఉంటాయి. గ్రీకు అక్షరాల టీషర్టులు, ఏడాదికోసారి అందరూ ముస్తాబై వెళ్లే విందు మామూలే.

ఇందులో సగం మనకు తెలిసిందే. 1855లో లండన్‌లో మొదలైన వైడబ్ల్యూసీఏ 1875కల్లా బొంబాయి చేరింది. ఆ తర్వాత ఎన్నో నగరాల్లో ఉద్యోగాలకు, చదువులకు వచ్చిన అమ్మాయిలకు హాస్టల్ నీడనిచ్చింది. కాలేజీల్లో స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ 1912 నుంచి, కథోలిక విద్యార్థుల ఐకఫ్ 1924 నుంచి, యూఈఎస్ఐ 1954 నుంచి ఉన్నాయి. ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో కొందరు గుంటూరులోనో వరంగల్‌లోనో చదివేటప్పుడు యూఈఎస్ఐ వాళ్ల ‘ఈయూ’ (ఇవాంజెలికల్ యూనియన్) కూడికలకు వెళ్లినవాళ్లే. ఖాళీ క్లాస్‌రూమ్‌లో వాక్యం చదువుకుని, ఒక సీనియర్ అక్క పరీక్షల ముందు చేసిన ప్రార్థనతో ధైర్యం తెచ్చుకుని, ఆదివారం గుడి తర్వాత ఎవరో ఉద్యోగస్థుల ఇంట్లో కడుపునిండా పప్పన్నం తిన్నవాళ్లే.

తేడా మూడు చోట్ల ఉంది. ఈయూ కూడికకు ఎవరైనా నడుచుకుంటూ వెళ్లొచ్చు. సొరోరిటీలో ఎంపిక ఉంటుంది. ఈయూలో కానుక మన ఇష్టం. సొరోరిటీలో రుసుము తప్పదు. ఈయూలో ప్రమాణం లేదు; సొరోరిటీలో ఉంది. మీరు అడగాల్సిన ప్రశ్నలు ఈ మూడింటి చుట్టూనే ఉంటాయి.

మొదట డబ్బు సంగతి తేల్చండి, అది తేలిక. సెమిస్టర్‌కు ఎంత, ఎన్ని వాయిదాల్లో, మధ్యలో మానేస్తే ఏమైనా బాకీ పడుతుందా అని రాతపూర్వకంగా తెప్పించుకోమనండి. టీషర్టులు, రిట్రీట్ ప్రయాణాలు, విందుకు బట్టలు, తన తర్వాత వచ్చే ‘లిటిల్ సిస్టర్’కు కానుకలు, ఇవన్నీ రుసుములో లేని ఖర్చులు. ఎఫ్-1 వీసా మీద ఉన్న అమ్మాయి సెమిస్టర్ నడిచే రోజుల్లో సాధారణంగా క్యాంపస్‌లోనే, అదీ వారానికి 20 గంటలకు మించకుండా పనిచేయాలి. కాబట్టి “ఏదో పని చేసుకుని కట్టుకుంటా” అంటే దారి ఇరుకే. ఫ్లాట్ ఈఎమ్ఐ, ఎడ్యుకేషన్ లోన్ రెండూ మోస్తున్న ఇల్లయితే ఆ మాట దాచకుండా చెప్పండి. పద్దెనిమిదేళ్ల పిల్ల ఇంటి లెక్క అర్థం చేసుకోగలదు.

రెండోది ఎంపిక. తీసుకోకపోతే ఏమవుతుందో ముందే మాట్లాడుకోండి. మామూలు క్లబ్బు వద్దంటే రెండు రోజులు బాధపడి ఊరుకుంటారు. దేవుని పేరున్న సంఘం వద్దంటే “నా విశ్వాసం చాలలేదా, నా రంగు నచ్చలేదా, నా ఇంగ్లిష్ బాగోలేదా” అని పిల్ల లోలోపల నలిగిపోతుంది. “నిన్ను తూచే అధికారం ఒక విద్యార్థి సంఘానికి లేదమ్మా” అని ఫలితం రాకముందే చెప్పి ఉంచండి. వచ్చాక చెబితే అది ఓదార్పులాగే వినిపిస్తుంది.

మూడోది ప్రమాణం, దాని వెంట వచ్చే గోప్యత. ఇక్కడ కాస్త నిదానించాలి. ఒక సంఘం తన ప్రార్థననో ప్రమాణ వాక్యాలనో తన సభ్యుల మధ్యే ఉంచుకుంటే అందులో తప్పు వెతకక్కర్లేదు. కానీ నిద్ర చెడేది, ఒంటికి హాని చేసేది, సొమ్ము పోయేది, చదువుకు అడ్డొచ్చేది, అవమానపరిచేది ఏదీ రహస్యంగా ఉండకూడదు. ర్యాగింగ్ అంటే మనకు తెలుసు. దాని మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది, యూజీసీ 2009లో దేశమంతటికీ నిబంధనలు పెట్టింది. అమెరికాలో దాన్ని హేజింగ్ అంటారు. కాలేజీలు హేజింగ్ ఘటనల లెక్కలు బయటపెట్టాలని 2024 డిసెంబర్‌లో అమెరికాలో కేంద్ర చట్టమే వచ్చింది. కాబట్టి ఆ క్యాంపస్ వెబ్‌సైట్‌లో ఆ సంఘం పేరు మీద ఏమైనా ఉందేమో అమ్మాయినే చూడమనండి. మద్యం సంగతీ అంతే: అక్కడ 21 ఏళ్లు నిండేవరకు కొనడం చట్టవిరుద్ధం. క్రైస్తవ సంఘం కదా, ఈ మాటలెందుకు అనుకోకండి. పేరు కాపలా కాయదు.

కొన్ని గుర్తులు కనిపిస్తే జాగ్రత్త పడండి. ఫోన్ వాళ్లకు అప్పగించాల్సి వస్తోందంటే, అర్ధరాత్రి పనులకు పంపుతున్నారంటే, పాత స్నేహితుల్ని వదిలేయమంటున్నారంటే, “ఇది ఇంట్లో చెప్పకు” అన్నారంటే ఆగి అడగాల్సిందే. అప్పుడు కూడా సంఘాన్ని తిట్టకండి. తిడితే పిల్ల దాన్ని వెనకేసుకురావాల్సి వస్తుంది. “నీకిది హాయిగా ఉందా, భయంగా ఉందా” అని మాత్రం అడగండి. భయం అంటే, వర్సిటీలో విద్యార్థుల వ్యవహారాలు చూసే డీన్ కార్యాలయానికి వెళ్లమనండి.

ఇక్కడే మన తల్లిదండ్రులకు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పిల్ల కాలేజీలో చేరాక ఆమె మార్కులు, రికార్డుల మీద హక్కు ఆమెదే అంటుంది 1974 నాటి అమెరికా చట్టం. ఆమె అనుమతి లేకుండా ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టినా వివరాలు రావడం కష్టం. మన ఇంటర్ కాలేజీల్లోలాగా పేరెంట్స్ మీటింగ్, హాజరు మెసేజీలు అక్కడ ఉండవు. మీకు తెలియాల్సింది ఆమె నోటి నుంచే తెలియాలి. అందుకే మొదటిసారి చెప్పినప్పుడు మీరు ఎలా విన్నారన్నది ముఖ్యం. రహస్యం సంఘం వల్లే పుడుతుందనుకుంటాం. ఇంట్లో వినే తీరు వల్ల కూడా పుడుతుంది. మొదటి వార్తకే తిట్లు తిన్న పిల్ల రెండో వార్త చెప్పదు. మొదటి వార్తకే హల్లెలూయా విన్న పిల్ల కూడా, అక్కడ ఏదైనా తేడా జరిగితే మన సంతోషం చెడగొట్టడం ఎందుకని చెప్పదు.

క్రైస్తవ కుటుంబాలకు ఇంకొక్క మాట. సొరోరిటీ స్థానిక చర్చికి బదులు కాదు. అక్కడ అందరూ ఒకే వయసువాళ్లు; జ్వరమొస్తే మిరియాల చారు పెట్టే ఆంటీ, జీవితం చూసిన తాతగారు దొరకరు. డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగు చర్చిలున్నాయి. నెలకోసారైనా వెళ్లమనండి. అక్కడి ఆరాధన పద్ధతులు మన సీఎస్ఐ, బాప్టిస్టు, లూథరన్ అలవాట్లకు వేరుగా ఉంటే కంగారుపడకండి. తేడాల గురించి తనతో చర్చించండి.

క్రైస్తవేతర కుటుంబాల అమ్మాయిలు కూడా స్నేహం కోసం ఇలాంటి చోట్లకు వెళ్తుంటారు. వెళ్లినంతమాత్రాన ఏదో జరిగిపోయిందని ఇల్లు కూలినట్టు ప్రవర్తించకండి. ఈ సంఘాల సభ్యత్వానికి సాధారణంగా క్రైస్తవ విశ్వాసాన్ని ఒప్పుకోవాల్సి ఉంటుంది. “సంతకం పెట్టే కాగితంలో ఏముందో చదివావా, అది నీ మనసులోని మాటేనా?” అని అడగండి. నమ్మనిదాన్ని స్నేహం కోసం నమ్మినట్టు సంతకం చేయడం తనకూ, ఆ స్నేహితురాళ్లకూ మర్యాద కాదు. నిజంగా నమ్మితే ఆ నిర్ణయం తనది. మన దేశంలోనూ రాజ్యాంగం 25వ అధికరణం ఆ స్వేచ్ఛ ఇచ్చింది. ఒత్తిడి పెట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు, వాళ్లకూ లేదు, మనకూ లేదు.

అంతా సవ్యంగా ఉంటే మనసారా సరే అనండి. ఆ బిగ్ సిస్టర్‌ను ఒకసారి వీడియో కాల్‌లో పరిచయం చేయమనండి. ప్రశ్నలు గుప్పించకుండా వాళ్లమ్మానాన్నల గురించి రెండు మాటలు అడగండి, మీ ఊరి గురించి రెండు చెప్పండి. ఎప్పుడైనా అర్ధరాత్రి అవసరం పడితే ఆ ఒక్క నంబరు మీకు కొండంత అండ.

ఇదంతా అమెరికా పిల్లల గురించే అనుకోవద్దు. ఖమ్మం, పల్నాడు, రాజమండ్రి నుంచి వచ్చి మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో ఉంటున్న అమ్మాయిలకూ సహవాసం కావాలి. వాళ్లలో కొందరు మీ అపార్ట్‌మెంట్‌లో జరిగే ప్రార్థన కూడికకో సెమీ క్రిస్మస్‌కో వస్తారు. రానివ్వండి, భోజనం పెట్టండి. వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేసి, మీరెవరు, అక్కడ ఏం జరుగుతుంది, డబ్బేమైనా తీసుకుంటారా, మా అమ్మాయి రానంటే ఏమంటారు అని ఆరా తీస్తే నొచ్చుకోకండి. మీ అమ్మాయి గురించి మీరు అడగాల్సిన ప్రశ్నలే వాళ్లు అడుగుతున్నారు. ఓపికగా, ఉన్నదున్నట్టు చెప్పండి.