పాఠం 14: స్పోర్ట్స్ కారు ఇంజను – గాలి మార్గం, ట్యూనింగ్

14.0 ఉపోద్ఘాతం

నాలుగు స్ట్రోకుల పెట్రోలు ఇంజను ఎలా పనిచేస్తుందో కిందటి పాఠంలో తెలుసుకున్నారు. అదే ఇంజను నుంచి ఇంకా ఎక్కువ శక్తి రాబట్టాలంటే ఏం చేయాలి? "పెట్రోలు ఎక్కువ పంపాలి" అని చాలామంది వెంటనే జవాబు చెబుతారు. నిజానికి పెట్రోలు ఎక్కువ పంపడం తేలిక. దాన్ని మండించడానికి తగినంత గాలిని సిలిండర్లలోకి తీసుకురావడమే కష్టం. అందుకే కారు శక్తి పెంచాలనుకునేవారు తరచుగా మొదట గాలి మార్గాన్ని మారుస్తారు.

ఈ పని చూడటానికి సులభం. పాత గాలి పెట్టె విప్పి, వెడల్పయిన గొట్టం, కొత్త వడపోత బిగిస్తే సరిపోయినట్లే కనిపిస్తుంది. కారు వెంటనే స్టార్టవుతుంది, ఊళ్లో చక్కగా తిరుగుతుంది. కాని కొన్ని కార్లలో ఇంత చిన్న మార్పే పిస్టన్లు పగిలేదాకా తీసుకుపోతుంది. ఎందుకో ఈ పాఠంలో చూద్దాం.

ఉదాహరణకు సుబారు ఇంప్రెజా డబ్ల్యు.ఆర్.ఎక్స్. కారును తీసుకుందాం. అమెరికాలో 2002 మోడలుగా అమ్మిన ఈ జపాను కారుకు 2 లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో ఇంజను ఉంది. దాని శక్తి 227 అశ్వశక్తి. లోపలికి వచ్చే గాలిని కొలిచే సెన్సార్ దీని గాలి మార్గంలోనే ఉంటుంది. కాబట్టి మన పాఠానికి ఇది తగిన ఉదాహరణ.

14.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు
– ఇంజనుకు కావలసిన గాలిని లెక్కకట్టగలుగుతారు;
– చల్లని గాలి వల్ల శక్తి ఎందుకు పెరుగుతుందో వివరించగలుగుతారు;
– గాలి గొట్టం మార్చినప్పుడు ట్యూనింగ్ ఎందుకు తప్పనిసరి అవుతుందో కారణాలతో చెప్పగలుగుతారు;
– ఈ పనిని ఏ వరుసలో చేయాలో తెలుసుకుంటారు.

14.2 ఇంజనుకు ఎంత గాలి కావాలి?

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. 2 లీటర్ల ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోందనుకోండి. సిలిండర్లు ప్రతిసారీ పూర్తిగా నిండితే,

2 × 6000 ÷ 2 = 6000 లీటర్లు, అంటే నిమిషానికి 6 ఘనపు మీటర్ల గాలి.

30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.16 కిలోలు. కాబట్టి ఇంజను నిమిషానికి దాదాపు 7 కిలోల గాలి పీలుస్తుంది. టర్బో ఆ గాలి పీడనాన్ని రెట్టింపు చేసి, మధ్యలో ఉన్న ఇంటర్‌కూలర్ దాన్ని తిరిగి చల్లబరిస్తే సుమారు 14 కిలోలు అవుతుంది.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. దీన్ని 14.7 నిష్పత్తి అంటారు. గాలి ఇంతకంటె ఎక్కువైతే అది పలుచని మిశ్రమం. పెట్రోలు ఎక్కువైతే చిక్కని మిశ్రమం. టర్బో ఇంజనును పూర్తి బలంతో నడిపేటప్పుడు నిష్పత్తిని సుమారు 11 నుంచి 12 వరకు, అంటే చిక్కగా ఉంచుతారు. అదనపు పెట్రోలు ఆవిరవుతూ సిలిండర్‌లోని వేడిని తగ్గిస్తుంది. ఈ విషయం గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

కృత్యం 1: ఒక సన్నని స్ట్రా నోట పెట్టుకుని, ముక్కు మూసుకుని, కూర్చుని నిదానంగా గాలి పీల్చండి. ఇబ్బంది అనిపించదు. లేచి నిలుచున్నచోటే పరుగెత్తుతున్నట్లు పది అడుగులు వేసి, మళ్లీ పీల్చండి. ఊపిరి చాలదు. స్ట్రా మారలేదు, మీ అవసరం పెరిగింది. ఇరుకు గాలి మార్గం ఇంజనుకు చేసే అడ్డంకి కూడా ఇలాంటిదే. నెమ్మదిగా పోయేటప్పుడు తెలియదు. పూర్తి వేగంలో తెలుస్తుంది. (ఉబ్బసం ఉన్నవారు ఈ కృత్యం చేయవద్దు.)

14.3 గాలిని ఆపితే శక్తి ఆగుతుంది

శక్తి గాలిని బట్టే ఉంటుందనడానికి కార్ల పందేలే సాక్ష్యం. ప్రపంచ ర్యాలీ పోటీల్లో టర్బో కార్ల శక్తిని అదుపులో పెట్టడానికి, 1995లో గాలి ద్వారం వ్యాసం 34 మి.మీ. మించకూడదని నియమం తెచ్చారు. అంతకుముందు 38 మి.మీ. ఉండేది. ఇరుకు చోట గాలి వేగం ధ్వని వేగాన్ని అందుకున్నాక, టర్బో ఎంత గట్టిగా లాగినా అంతకుమించి గాలి రాదు.

అదే సంవత్సరం స్పెయిన్‌లో జరిగిన కాటలున్యా ర్యాలీలో టొయోటా జట్టు కార్లను తనిఖీ చేయగా, ఈ ద్వారాన్ని తప్పించుకుని పక్కనుంచి గాలి దూరేలా చేసిన ఏర్పాటు బయటపడింది. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఆ జట్టు పాయింట్లు రద్దు చేసి, ఒక సంవత్సరం పాటు పోటీల నుంచి నిషేధించింది. ఆ ఏడాది తయారీదారుల టైటిల్ సుబారుకు, డ్రైవర్ల టైటిల్ ఆ జట్టుకు చెందిన కాలిన్ మెక్‌రేకు దక్కాయి. కొద్దిపాటి అదనపు గాలి కోసం పెద్ద జట్టు పరువునే పణంగా పెట్టిందంటే గాలి విలువ ఎంతో ఊహించండి.

మన దేశంలో ఇంజనీరింగ్ విద్యార్థులు కార్లు తయారుచేసి పోటీపడే ఫార్ములా భారత్‌లో కూడా ఇటువంటి నియమమే ఉంది. పెట్రోలు ఇంజను పీల్చే గాలి అంతా 20 మి.మీ. ద్వారం గుండానే పోవాలి.

పాఠ్యాంశ ప్రశ్నలు 14.1
1. 1.6 లీటర్ల ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరిగితే, టర్బో లేకుండా ఎన్ని లీటర్ల గాలి పీలుస్తుంది?
2. నిష్పత్తి 12 నుంచి 14కు మారితే మిశ్రమం చిక్కబడినట్లా, పలుచబడినట్లా?

14.4 చల్లని గాలి, వేడి గాలి

పీడనం మారకపోతే, గాలి వేడెక్కేకొద్దీ దాని సాంద్రత తగ్గుతుంది. లెక్క కట్టేటప్పుడు సెల్సియస్ డిగ్రీలకు 273 కలపాలి. బయటి గాలి 30 డిగ్రీలు (303), బానెట్ కింది గాలి 70 డిగ్రీలు (343) అనుకుందాం.

303 ÷ 343 = 0.88

అంటే బానెట్ కింది గాలి పీల్చే ఇంజనుకు అదే ఘనపరిమాణంలో 12 శాతం తక్కువ గాలి అందుతుంది. కొందరు పెట్టె తీసేసి, శంఖం ఆకారంలో ఉన్న వడపోతను బానెట్ కింద అలాగే వదిలేస్తారు. చప్పుడు గంభీరంగా మారుతుంది కాబట్టి శక్తి పెరిగిందనుకుంటారు. వేడి గాలి పీలుస్తూ శక్తి తగ్గినా చెవికి తెలియదు. అందుకే వడపోత చుట్టూ అడ్డుగోడ ఉండాలి. బయటి చల్లగాలి దానికి చేరే దారి ఉండాలి. తయారీదారు ఇచ్చిన పెట్టెలో ఈ రెండూ చాలావరకు ఉంటాయి. దాన్ని పనికిరానిదిగా చూడకండి.

14.5 గాలిని ఎలా కొలుస్తారు?

డబ్ల్యు.ఆర్.ఎక్స్. గాలి గొట్టంలో సన్నని వేడి తీగ ఉన్న సెన్సార్ ఉంటుంది. గాలి తగిలి తీగ చల్లబడుతూ ఉంటుంది. దాన్ని వేడిగా ఉంచడానికి ఎంత కరెంటు కావాలో చూసి, ఎంత గాలి పోతోందో కంప్యూటర్ తెలుసుకుంటుంది. అయితే తీగకు తగిలేది గొట్టంలోని గాలిలో కొద్ది భాగమే. మిగతాది లెక్క. ఆ లెక్క అసలు గొట్టం వెడల్పుకు సరిపోయేలా చేసినది.

కాలువ మీద లస్కరును తలచుకోండి. బెండు ముక్క ఎంత వేగంగా కొట్టుకుపోతోందో చూసి అతడు ఎంత నీరు పోతోందో చెబుతాడు. అతడికి చెప్పకుండా కాలువను వెడల్పు చేశారనుకోండి. నీరు అంతే ఉన్నా ప్రవాహం మందగిస్తుంది. "నీరు తగ్గింది" అని అతడు రాసుకుంటాడు. తప్పు అతడిది కాదు.

ఇప్పుడు లెక్క చూడండి. 60 మి.మీ. గొట్టం స్థానంలో 66 మి.మీ. గొట్టం వేశామనుకుందాం.

వైశాల్యాల నిష్పత్తి = (66 ÷ 60) × (66 ÷ 60) = 1.21

గాలి 100 పాళ్లు వస్తుంటే, కంప్యూటర్‌కు 100 ÷ 1.21, అంటే సుమారు 83 పాళ్లే కనబడతాయి. పెట్రోలు కూడా 83 పాళ్లకే పోస్తుంది. 12 ఉండవలసిన నిష్పత్తి 12 × 1.21 = 14.5 అవుతుంది. పూర్తి బలంతో నడిచే టర్బో ఇంజనుకు ఇది ప్రమాదకరమైన పలుచదనం.

ప్రమాదం ఇక్కడితో ఆగదు. గాలి తక్కువుందని నమ్మిన కంప్యూటర్, ఇంజను మీద భారం తక్కువుందనుకుని నిప్పురవ్వను కూడా ముందుగా రగిలిస్తుంది. పలుచని మిశ్రమం, తొందరపడ్డ నిప్పురవ్వ రెండూ కలిస్తే నాకింగ్ వస్తుంది. అంటే మంట ఇంకా చేరని మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్లు చప్పుడు రావచ్చు. ఇంజను హోరులో అది వినబడకపోవచ్చు కూడా. కంప్యూటర్ నాకింగ్‌ను పసిగట్టి నిప్పురవ్వను కొంత వెనక్కు జరుపుతుంది. అది చాలనప్పుడు పిస్టన్ రింగుల మధ్య గట్లు విరుగుతాయి, లేదా పిస్టన్ కరుగుతుంది.

మరి ఊళ్లో తిరిగేటప్పుడు కారు ఎందుకు బాగుంది? నెమ్మదిగా పోయేటప్పుడు పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ చెప్పినదాన్ని బట్టి కంప్యూటర్ పెట్రోలును ఎప్పటికప్పుడు సరిదిద్దుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈ దిద్దుబాటు ఆగి, ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం పెట్రోలు పోస్తుంది. కాబట్టి నెమ్మదిగా నడిపి చూసి "బాగానే ఉంది" అనుకోవడం పరీక్ష కాదు. తప్పు బయటపడే చోటికి మీరింకా వెళ్లలేదు, అంతే.

పాఠ్యాంశ ప్రశ్నలు 14.2
1. గొట్టం వ్యాసం 60 నుంచి 72 మి.మీ.కు మారితే వైశాల్యం ఎన్ని రెట్లవుతుంది?
2. సెన్సార్‌కూ టర్బోకూ మధ్య గొట్టానికి చిన్న చిల్లు పడితే మిశ్రమం ఏమవుతుంది? ఎందుకు?

14.6 ట్యూనింగ్ అంటే ఏమిటి?

కంప్యూటర్‌లోని పట్టికలను కొత్త పరికరాలకు తగినట్లు తిరగరాయడమే ట్యూనింగ్. ఇందులో నాలుగు పట్టికలు ముఖ్యం: గాలి కొలత, పెట్రోలు, నిప్పురవ్వ సమయం, టర్బో పీడనం. మొదటిది సరిచేయకుండా మిగిలిన మూడింటిని మార్చడం తప్పుడు తూకపురాయితో వ్యాపారం చేయడమే.

పనిని ఈ వరుసలో చేయాలి.

1. ముందు ఇంజను ఆరోగ్యం చూడాలి. సిలిండర్లలో పీడనం, స్పార్క్ ప్లగ్గులు, గొట్టాల అతుకులు పరీక్షించాలి. అరిగిన ఇంజనుకు ట్యూనింగ్ మందు కాదు.
2. కారును డైనమోమీటరు మీద నడిపి, మార్పుకు ముందు శక్తి ఎంతో రాసుకోవాలి. ఇది లేకపోతే లాభమెంతో చెప్పలేం.
3. గాలి మార్గం మార్చి, సెన్సార్‌ను సరైన దిశలో బిగించి, ఎక్కడా గాలి కారకుండా చూసుకోవాలి.
4. గాలి కొలత పట్టికను సరిచేయాలి. పొగగొట్టంలో విస్తృత పరిధి గల ఆక్సిజన్ సెన్సార్ పెట్టి, కావలసిన నిష్పత్తి నిజంగా వస్తోందో లేదో పోల్చాలి.
5. తర్వాతే నిప్పురవ్వను, టర్బో పీడనాన్ని కొద్దికొద్దిగా మార్చాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. నాకింగ్ కనబడగానే వెనక్కు రావాలి.
6. చివరకు మళ్లీ శక్తి కొలవాలి. శక్తి పెరిగితే బ్రేకులు, టైర్లు దానికి చాలినవో కాదో చూడాలి.

గాలి మార్గం ఒక్కటి మారిస్తే వచ్చే లాభం సాధారణంగా కొద్దిపాటిదే. టర్బో కార్లలో ఎక్కువ లాభం ట్యూనింగ్ నుంచి, ముఖ్యంగా టర్బో పీడనం నుంచి వస్తుంది. పీడనంతో పాటు ఇంజను మీద భారమూ పెరుగుతుందని మరవకండి.

14.7 మన పరిస్థితుల్లో

దుమ్ము: మన రోడ్ల దుమ్ములోని ఇసుక రేణువులు సిలిండర్ గోడలను అరగదీస్తాయి. గాలిని సులువుగా వదిలే వడపోత దుమ్మునూ సులువుగా వదలవచ్చు. నూనె పట్టించే వడపోతలకు నూనె ఎక్కువైతే అది వేడి తీగకు అంటుకుని కొలత చెడుతుంది.

ఇంధనం: మన దేశంలో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు అమ్ముతున్నారు. ఇథనాల్ మండటానికి తక్కువ గాలి చాలు కాబట్టి, 14.7 బదులు నిష్పత్తి సుమారు 13.5 అవుతుంది. విదేశంలో మరో పెట్రోలుకు రాసిన పట్టికను తెచ్చి ఇక్కడి కారులో వేయకూడదనడానికి ఇదొక కారణం.

చట్టం: మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. పొగ పరిమితులు కూడా పాటించాలి. పందేల కోసం మార్చిన కారు చోటు పందెపు ట్రాకే.

14.8 సారాంశం

శక్తి గాలి బరువును బట్టి వస్తుంది. చల్లని గాలి బరువైనది. గొట్టం వెడల్పు మారితే కొలత మారుతుంది. కొలత తప్పితే మిశ్రమం పలుచబడి, నిప్పురవ్వ తొందరపడి, ఇంజను చెడుతుంది. గాలి మార్గం మార్చడం, ట్యూన్ చేయడం రెండు పనులు కావు, ఒకే పనిలోని రెండు భాగాలు.

14.9 ముగింపు ప్రశ్నలు

1. ఊళ్లో బాగా నడిచిన కారు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఎందుకు చెడిపోవచ్చో వివరించండి.
2. మీ స్నేహితుడు గొట్టం మార్చి, "ట్యూనింగ్‌కు డబ్బు వచ్చే నెల చూస్తాను" అంటున్నాడు. ఈ నెల రోజులు అతడు ఏం చేయాలని మీరు సలహా ఇస్తారు?

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

14.1: 1. 4000 లీటర్లు. 2. పలుచబడినట్లు.
14.2: 1. 1.44 రెట్లు. 2. పలుచబడుతుంది. చిల్లులోంచి దూరిన గాలి సెన్సార్ దాటలేదు కాబట్టి దానికి తగిన పెట్రోలు అందదు.

ముగింపు ప్రశ్న 2కు సూచన: పాత గాలి పెట్టెను అటక ఎక్కించకుండా తిరిగి బిగించమని చెప్పండి.