పిల్లకాలువలో వాగు పారదు

స్టడీ అవర్లో కరెంటు పోతే మనం పుస్తకాలు మూసెయ్యాల్సిందే కదా. అందుకని మేం నలుగురం పాత 12 వోల్టుల లారీ బ్యాటరీతో రెండు 60 వాట్ల హెడ్‌లైట్ బల్బులు వెలిగించే బోర్డు తయారుచేశాం. రెండో రోజే పొగ వచ్చింది. బోర్డు మీది రాగి గీత నల్లబడి లేచిపోయింది. "ఎందుకు కాలిందో రాసి గోడకు పెట్టండి. ఆ తర్వాతే మళ్లీ వెలిగించండి" అన్నారు వార్డెన్ సార్. అందుకే ఈ పాఠం.

ఎంత కరెంటు?

రెండు బల్బులు కలిపి 120 వాట్లు. 120ని 12తో భాగిస్తే 10 ఆంపియర్లు. ఇంట్లో 230 వోల్టుల 60 వాట్ల బల్బుకు పావు ఆంపియరే చాలు. వాట్లు అవే అయినా వోల్టులు తగ్గితే కరెంటు పెరుగుతుంది. ఇది మేం లెక్క వేయలేదు.

గీత ఎందుకు కాలింది?

బోర్డు మీది రాగి మందం 0.035 మిల్లీమీటర్లు. మా గీత వెడల్పు 1 మి.మీ., పొడవు 10 సెం.మీ. దాని నిరోధం 0.05 ఓమ్.

వేడి = కరెంటు × కరెంటు × నిరోధం
10 × 10 × 0.05 = 5 వాట్లు

వెంట్రుకంత గీతలో 5 వాట్ల వేడి! కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. పిల్లకాలువలోకి వాగును మళ్లిస్తే గట్లు తెగవా?

ఎలా సరిచేశాం?

1. దారులు రెండు చేశాం. చేతి స్విచ్చి రిలే చుట్టకే కరెంటు ఇస్తుంది. చుట్ట నిరోధం 100 ఓమ్‌లు, కాబట్టి 0.12 ఆంపియరు చాలు. 10 ఆంపియర్లు రిలే లోపలి పెద్ద కాంటాక్టుల గుండా పోతాయి.

2. పెద్ద దారి గీతను 10 మి.మీ. వెడల్పు చేశాం. వేడి అర వాటుకు తగ్గింది. దాని మీద మందపాటి రాగి తీగ కూడా అతికించాం. ఉత్త టంకం పూస్తే అంత లాభం లేదు, దాని నిరోధం రాగి కంటే చాలా ఎక్కువ.

3. చుట్టకు అడ్డంగా డయోడు పెట్టాం, గీత ఉన్న కొస ప్లస్ వైపుకు. స్విచ్చి ఆపగానే చుట్టలో పుట్టే ఎక్కువ వోల్టేజి దాని గుండా చల్లారిపోతుంది. లేకపోతే స్విచ్చిలో నిప్పురవ్వ లేస్తుంది.

4. 15 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ ప్లస్ పక్కనే పెట్టాం. మొదట బోర్డు దగ్గర పెడదామనుకున్నాం. మధ్యలో వైరు తెగి మైనస్‌కు తగిలితే ఆ ఫ్యూజుకు తెలియనే తెలియదు, వైరే మండుతుంది.

జాగ్రత్త! చార్జి అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. రిలేను దానికి దూరంగా ఉంచాలి. గోడ ప్లగ్గు కరెంటుతో ఈ పని ఎవరూ చేయొద్దు.

ఇప్పుడు గంటసేపు వెలిగించినా గీత చేతికి వేడి తగలడం లేదు. వార్డెన్ సార్ తాకి చూసి ఒప్పుకున్నారు.

ఆలోచించండి: అవే 120 వాట్లు 24 వోల్టులతో వెలిగిస్తే గీతలో వేడి ఎన్నో వంతు అవుతుంది? జవాబు వచ్చే సంచికలో.

— 9వ తరగతి, సైన్సు బృందం