ఆట వెనుక రాత

కావ్యం చదివినవారికి దాని ఛందస్సు తెలుస్తుంది. గణాలు కట్టుకోగలిగితే ఆ ఛందస్సులోనే తామూ ఒక పద్యం అల్లుకోవచ్చు. కంప్యూటర్ ఆట సంగతి అలా కాదు. ఆడేవారికి తెర మీది బొమ్మలు కనబడతాయే కాని, వాటిని కదిలించే రాత కనబడదు. ప్రోగ్రామర్ మనిషికి అర్థమయ్యే భాషలో రాసిన ఆదేశాల సముదాయమే మూలసంకేతం. యంత్రానికి అర్థం కావడానికి దానిని అంకెల రూపంలోకి మారుస్తారు. సాధారణంగా అంగడికి వచ్చేది ఆ అంకెల రూపమే. కొన్నవాడు ఆట ఆడుకోగలడు. అది ఎలా నడుస్తున్నదో చదవలేడు, తప్పు కనిపించినా దిద్దుకోలేడు.

మూలసంకేతాన్ని చదవడానికి, సవరించడానికి, పంచుకోవడానికి అందరికీ హక్కు ఉండాలని అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఒక ఉద్యమాన్ని ప్రారంభించాడు. దానికి ఆయన పెట్టిన పేరు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఇంచుమించు ఇదే పద్ధతికి 1998 నుంచి ఓపెన్ సోర్స్ అనే పేరు వాడుకలోకి వచ్చింది. అయితే ఈ గాలి ఆటల రంగానికి అంత తేలికగా సోకలేదు. అక్కడ పోటీ తీవ్రం. ఒకరి కిటుకు మరొకరికి తెలిస్తే లాభం పోతుందన్న భయం అంతకంటె తీవ్రం. అటువంటి రంగంలో, అందునా అగ్రశ్రేణిలో ఉండి, తన రాతను లోకం ముందు పరచినవాడు జాన్ కార్మాక్.

కార్మాక్ 1970లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో జన్మించాడు. 14 ఏళ్ల వయసులో కొందరు పిల్లలతో కలసి ఒక పాఠశాలలో చొరబడి, ఆపిల్ కంప్యూటర్లను ఎత్తుకుపోయే ప్రయత్నంలో పట్టుబడి, బాలనేరస్థుల గృహంలో శిక్ష అనుభవించాడు. దీనిని దాచవలసిన పని లేదు, సమర్థించవలసిన పని అంతకన్నా లేదు. తరువాత కొద్దికాలం మాత్రమే విశ్వవిద్యాలయంలో చదివి, చదువు మాని, ఆటలు రాయడం వృత్తిగా చేసుకున్నాడు. 1991లో మరి ముగ్గురు మిత్రులతో కలసి ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థను నెలకొల్పాడు.

1993 డిసెంబరు 10న ఆ సంస్థ నుంచి డూమ్ అనే ఆట వెలువడింది. దానిని దుకాణంలో పెట్టలేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్‌లో ఉంచి, కావలసినవారిని తీసుకొమ్మన్నారు. మూడు భాగాలలో మొదటిది ఉచితం, నచ్చినవారు డబ్బు పంపి మిగిలినవి తెప్పించుకోవాలి. అప్పటికే కాచుకుని ఉన్న అభిమానుల తాకిడికి ఆ కంప్యూటర్ తట్టుకోలేకపోయింది.

డూమ్ కట్టుబడిలో ఒక విశేషం ఉంది. గోడలను గీయడం, శబ్దాలను వినిపించడం, కదలికలను లెక్కించడం వంటి పనులు చేసే భాగం ఒకటి. దానిని ఇంజన్ అంటారు. బొమ్మలు, శబ్దాలు, గదుల పటాలు మరొక చోట, వేరే ఫైలులో ఉంటాయి. ఈ రెండవ దానిని మార్చుకుని ఆటగాళ్లు సొంతంగా కొత్త గదులు, కొత్త రాక్షసులను కల్పించుకోవచ్చు. సంస్థలో కొందరికి ఇది శంక కలిగించినా కార్మాక్ అందుకు అనుకూలంగానే నిలిచాడు. ఆటలో కథకు ఇవ్వవలసిన ప్రాధాన్యం స్వల్పమనీ, ఇంజన్ పనితనమే ప్రధానమనీ ఆయన వాదించేవాడు. సాహిత్య విద్యార్థికి రుచించని మాట ఇది. కాని ఆ మాట అన్నవాడే ఆ పనితనాన్ని గుప్తంగా ఉంచుకోక పంచిపెట్టాడన్నది గమనించాలి.

ఆ పనితనం కూడా పూర్తిగా ఆయన ఒక్కరిదే కాదు. నాటి చిన్న కంప్యూటర్లకు వేగం తక్కువ. ఏ గోడ ముందున్నది, ఏది దాని వెనుక దాగి ఉన్నది అన్న ప్రశ్నకు ప్రతి క్షణం సమాధానం వెదకవలసి వస్తే ఆట నడవదు. స్థలాన్ని ముందుగానే రెండుగా, ఒక్కొక్క దానిని మళ్లీ రెండుగా చీల్చుకుంటూ పోయి, ఒక చెట్టు కొమ్మల వలె అమర్చి పెట్టుకుంటే ఆ సమాధానం త్వరగా దొరుకుతుంది. ఈ ఉపాయాన్ని 1980లో ముగ్గురు పరిశోధకులు ఒక వ్యాసంలో వివరించారు. కార్మాక్ ఇటువంటి పరిశోధనలను చదివి, ఆ విద్యను ఆటకు అన్వయించాడు. తాను ఇతరుల వ్యాసాల నుంచి నేర్చుకున్నాడు కనుక, తన రాత నుంచి ఇతరులూ నేర్చుకోవాలన్నది ఆయన వైఖరి.

1995లో తన పాత ఆట వుల్ఫెన్‌స్టైన్ మూలసంకేతాన్ని విడుదల చేసిన కార్మాక్, 1997 డిసెంబరు 23న డూమ్ మూలసంకేతాన్ని బయటపెట్టాడు. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. డాస్ కంప్యూటర్లలో శబ్దాన్ని వినిపించే భాగం మరొకరి సొత్తు. దానిని పంచే హక్కు ఆయనకు లేదు. అందుచేత లినక్స్ కోసం తయారైన ప్రతినే విడుదల చేయవలసి వచ్చింది.

దానితోపాటు ఆయన జతపరచిన చిన్న వివరణ పత్రం ఆసక్తికరమైనది. ఎట్టకేలకు మూలసంకేతాన్ని విడుదల చేస్తున్నానని అందులో చెప్పుకున్నాడు. తన లోపాన్ని కూడా దాచలేదు. బొమ్మలు గీయడానికి వాడిన ఆ చెట్టు అమరికనే, ఆటగాడు గోడకు తగులుతున్నాడా లేదా అని చూడడానికి కూడా వాడి ఉండవచ్చునని, అది కళ్లెదుటే ఉన్నా అప్పట్లో తనకు తట్టలేదని, ఆ భాగం గజిబిజిగా తయారైందని ఒప్పుకున్నాడు. లక్షలాదిమంది మెచ్చిన కృతికి కర్తే దోషనిర్ణయం చేయడం అరుదైన సంగతి. ఆపై ఎవరైనా చేపట్టదగిన పనులను కూడా సూచించాడు: ఆటను వేరొక కంప్యూటర్ వ్యవస్థకు మార్చడం, ఆటగాడు తల ఎత్తి పైకి చూసే వీలు కల్పించడం, ఏటవాలు నేలలు చేర్చడం మొదలైనవి.

తొలి అనుమతిపత్రంలో ఒక లోటు ఉంది. సవరించినవారు తమ సవరణను తిరిగి అందరికీ ఇవ్వాలన్న నియమం అందులో లేదు. ఒక అభిమాని కొత్త తరహా గ్రాఫిక్స్ కార్డులకు తగినట్లు డూమ్‌ను ఎంతో శ్రమించి మలిచాడు. అతని హార్డ్ డిస్క్ చెడిపోవడంతో ఆ మూలసంకేతం అందులోనే పోయింది. వేరొకచోట నకలు లేదు. ఒకే ఒక తాళపత్ర ప్రతి చెదల పాలైన కావ్యం గతి వంటిదే ఇదీను. 1999 అక్టోబరులో డూమ్‌ను జి.పి.ఎల్. అనే అనుమతిపత్రం కిందికి మార్చారు. స్టాల్‌మన్ రూపొందించిన ఈ పత్రం ప్రకారం, సవరించిన ప్రోగ్రామును ఇతరులకు ఇచ్చేవారు దాని మూలసంకేతాన్ని కూడా ఇచ్చి తీరాలి.

ఇంజన్‌ను ఇచ్చినంత మాత్రాన ఆట మొత్తం ఉచితమైపోలేదు. బొమ్మలు, శబ్దాలు, పటాలు సంస్థ ఆస్తిగానే మిగిలాయి, వాటిని కొనుక్కోవలసిందే. ఛందస్సు అందరిది, కావ్యం కవిది అనే ఏర్పాటు వంటిది ఇది. పైగా ఆట కొత్తగా ఉన్నంత కాలం ఇంజన్‌ను ఇతర సంస్థలకు రుసుముపై ఇచ్చి, అమ్మకాల వేడి తగ్గిన తరువాతనే బయటపెట్టడం కార్మాక్ అనుసరించిన మార్గం. 1996 నాటి క్వేక్ 1999 డిసెంబరులో, 1999 నాటి మూడవ క్వేక్ 2005 ఆగస్టులో ఇలా వెలువడ్డాయి. ఇది వ్యాపారం తెలిసినవాని ఔదార్యం; అందువల్లనే అన్నేళ్లు నిలిచింది.

దానికి మూల్యమూ చెల్లించవలసి వచ్చింది. క్వేక్ మూలసంకేతం విడుదలైన వెంటనే, గురి దానంతట అదే కుదిరేటట్లు, చూడరానివి కనబడేటట్లు ప్రోగ్రామును మార్చుకుని కొందరు ఇంటర్నెట్ పోటీలలో మోసానికి దిగారు. దొంగ చేతికి తాళం ఇచ్చినట్లయిందని నిజాయితీగా ఆడేవారు వాపోయారు. ఆట ప్రోగ్రామును తనిఖీ చేసే ఒక చిన్న భాగాన్ని మాత్రం గుప్తంగా ఉంచవలసి వస్తుందని కార్మాక్ అభిప్రాయపడ్డాడు. ఓపెన్ సోర్స్ పక్షాన ఎరిక్ రేమండ్ దీనికి భిన్నంగా వాదించాడు: ఎదుటివాడు ఎక్కడ పొంచి ఉన్నాడో చెప్పరాని సమాచారాన్ని కూడా ఆటగాని యంత్రానికి పంపడమే అసలు లోపమని, మూలసంకేతం మూసి ఉన్నప్పుడు ఆ లోపం కప్పబడి ఉన్నదే కాని లేకపోలేదని. ఈ వాదంలో బలం ఉంది. అయినా గురి కుదిర్చే మోసానికి అది పూర్తి మందు కాదు. కంటికి కనిపించే శత్రువు సమాచారాన్ని పంపక తప్పదు కదా!

తెరచి ఉంచిన రాత వల్ల కలిగిన మేలుకు ఒక చక్కని ఉదాహరణ మూడవ క్వేక్‌లో ఉంది. వెలుగు ఏ కోణంలో పడుతున్నదో లెక్కించడానికి వర్గమూలపు విలోమం కావాలి. ఆ గణనను అతివేగంగా చేసే కొన్ని పంక్తులు, వాటిలో ఒక వింత సంఖ్య పాఠకులకు కనిపించాయి. ఇది కార్మాక్ ప్రతిభే అనుకున్నారు అందరూ. కర్త తెలియని చాటుపద్యం శ్రీనాథుని ఖాతాలో పడినట్లు! ఆయన మాత్రం అది తనది కాదన్నాడు. ఆసక్తిగలవారు ఒకరి నుంచి ఒకరి వద్దకు ఆరా తీస్తూ పోగా, 1980ల చివర ఒక కంప్యూటర్ సంస్థలో పనిచేసిన గ్రెగ్ వాల్ష్, గణిత శాస్త్రజ్ఞుడు క్లీవ్ మోలర్‌ల వరకు ఆ దారి వెళ్లింది. మూలం మూసి ఉంటే ఆ పంక్తులను ఎవరూ చూసేవారు కాదు, వాల్ష్ పేరు వెలుగులోకి వచ్చేదీ కాదు.

సాఫ్ట్‌వేర్ ఉపాయాలకు పేటెంట్లు ఇవ్వడం కార్మాక్‌కు గిట్టని విషయం. ఎదురైన సమస్యను తన బుద్ధితో తర్కించి పరిష్కరించుకున్న తరువాత, అదే తర్కాన్ని అంతకుముందు ఎవరో నమోదు చేయించుకున్నారు కనుక వాడరాదనడం ఆయనకు ఘోరంగా తోచింది. సరిగ్గా అదే ఆయనకు సంభవించింది. 2004లో వచ్చిన మూడవ డూమ్‌లో నీడలను గీయడానికి తాను స్వయంగా కనుగొన్న ఉపాయానికి మరొక సంస్థ అప్పటికే పేటెంటు పొంది ఉంది. ఆ సంస్థ శబ్ద పరిజ్ఞానాన్ని ఆటలో చేర్చుకుని అప్పటికి రాజీపడ్డారు. 2011లో మూలసంకేతాన్ని విడుదల చేయబోతే న్యాయవాదులు మళ్లీ సందేహించారు. కార్మాక్ విడుదల మానుకోలేదు. కొన్ని పంక్తులు తిరగరాసి, పేటెంటుకు తగలకుండా దారి మళ్లించి, ఆ నవంబరులోనే లోకానికి ఇచ్చాడు.

ఇంతటి ఓపెన్ సోర్స్ అభిమాని అయినా లినక్స్ మీద ఆటలు అమ్మే విషయంలో కార్మాక్ భ్రమలు పెట్టుకోలేదు. మూడవ క్వేక్ లినక్స్ ప్రతి పెట్టెలు ఆశించినట్లు అమ్ముడుపోలేదు. వాటిని తయారుచేసిన లోకి అనే సంస్థ 2002లో మూతపడింది. ఒక్కొక్క సంస్థను ప్రాధేయపడి లినక్స్ ప్రతులు రాయించుకోవడం కంటె, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపించే వైన్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామును మెరుగుపరచడం మేలని 2013లో ఆయన సూచించాడు. చాలామంది లినక్స్ అభిమానులకు ఇది ఓటమిని ఒప్పుకున్నట్లు తోచింది. కాని 2018లో వాల్వ్ సంస్థ వైన్ ఆధారంగానే ప్రోటాన్‌ను తెచ్చింది. 2022లో వచ్చిన ఆ సంస్థ చేతి కంప్యూటర్ స్టీమ్ డెక్, లినక్స్ మీద నడుస్తూ వేలాది విండోస్ ఆటలను ఆడిస్తున్నది. స్టాల్‌మన్‌కు ఈ విజయం రుచించేది కాదు. మూలసంకేతం మూసి ఉన్న ఆటలు లినక్స్‌లోకి రావడం కొంత మేలైనా, స్వేచ్ఛ విలువను ప్రజలు మరచిపోయే ప్రమాదం ఉందని ఆయన 2012లోనే హెచ్చరించాడు.

ఇడ్ సాఫ్ట్‌వేర్‌ను 2009లో మరొక సంస్థ కొనుగోలు చేసింది. 2012లో మూడవ డూమ్ పునర్ముద్రణకు మూలసంకేతం వెలువడింది. 2013 నవంబరులో కార్మాక్ ఆ సంస్థను విడిచాడు. అటుపై ఆ సంస్థ తయారుచేసిన కొత్త ఇంజన్ల మూలసంకేతం బయటికి రాలేదు. 1997 నాటి పత్రంలో ఆయన సూచించిన పనులను మాత్రం అభిమానులు ఒక్కొక్కటిగా చేసి చూపారు. డూమ్‌లో ఇప్పుడు తల ఎత్తి పైకి చూడవచ్చు, ఏటవాలు నేల మీద నడవవచ్చు. సెల్‌ఫోన్లలో సైతం అది నడుస్తున్నది.