నగరమున ఒక రాత్రి బస: తల్లిదండ్రులకు మనవి

1871లో మద్రాసు, బొంబాయి రైలుమార్గములు కలిసినది మన రాయచూరుననే. కల్మల నుండి అచ్చటికి పోయి, పిల్లలను పరీక్షలకై హైదరాబాదునకు తోడ్కొనిపోవు తల్లిదండ్రులు కొందరు నడిరేయి రైలు దిగి, ఖర్చునకు వెరచి ప్లాట్‌ఫారముపైననే తెల్లవార్చుచుందురు. నిద్రలేని పిల్లలు పరీక్షలో కునుకుట మే మెరుగుదుము.

పెద్ద స్టేషన్లలో రైల్వేవారి రిటైరింగు గదులు, డార్మిటరీలు కలవు. ఖాయమైన టిక్కెట్టు గాని, ఆర్.ఏ.సి. టిక్కెట్టు గాని ఉండవలెను. వెయిటింగు లిస్టు చాలదు. ముందుగా ఆన్‌లైనులో తీసికొనుట మేలు. లాడ్జిలోనైనచో ధరకు ముందు లెక్క అడుగవలెను: దినమనగా 24 గంటలా, మరునాటి మధ్యాహ్నము వరకేనా? రెండవదైనచో నడిరేయి చేరినవారికి సగము దినమే దక్కును. గుర్తింపు కార్డు మరువరాదు.

వేరొక ఖర్చు తగ్గించియైనను ఆ రాత్రికి మంచము తీసికొనుడు. ఏడాది చదువు ఆ నిద్రపై నిలిచియున్నది.