యూనిఫాం విప్పిన తరువాత వైద్యం

అమీర్‌పేటకు కూతవేటు దూరంలో, బేగంపేటలో ఒక పాత భవనం ఉన్నది. బ్రిటిషు కాలంలో అది సైనికుల ఆసుపత్రి. సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది అక్కడే. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సైన్యం ఎక్కడుంటే ఆసుపత్రి అక్కడే ఉండాలన్నది ఆనాటి సూత్రం. నేటికీ అంతే. సర్వీసులో ఉన్న జవానుకూ అతని భార్యాబిడ్డలకూ మిలిటరీ ఆసుపత్రి ఉండనే ఉంది.

అయితే జవాను నలభై ఏళ్ళు నిండకముందే పింఛనుతో ఇంటికి వస్తాడు. షుగరు, గుండెజబ్బు, కీళ్ళనొప్పులు వచ్చేది ఆ తరువాతే కదా! అప్పుడతనికి దిక్కెవరు?

పథకం – పద్ధతి

ఈ ప్రశ్నకు జవాబుగా 2003 ఏప్రిల్ 1న మాజీ సైనికుల ఆరోగ్య పథకం (ఇ.సి.హెచ్.ఎస్.) మొదలైంది. రిటైరయ్యేటప్పుడు ర్యాంకును బట్టి ఒక్కసారి చందా కట్టాలి. 2017 చివరలో సవరించిన లెక్కల ప్రకారం హవల్దారు వరకు 30,000, జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు 67,000, ఆఫీసర్లకు 1,20,000 రూపాయలు. 1996కు ముందు రిటైరైనవారికీ, యుద్ధంలో అమరులైనవారి భార్యలకూ చందా లేదు. భార్య లేదా భర్త, 25 ఏళ్ళలోపు సంపాదనలేని అవివాహిత కుమారులు, పెళ్ళో ఉద్యోగమో వచ్చేవరకు కుమార్తెలు, నిర్ణీత ఆదాయంలోపు ఉన్న తల్లిదండ్రులు దీని కిందికి వస్తారు.

పంజగుట్టలో నిమ్స్ మొదలుకొని ఈ రోడ్డు పొడవునా ఆసుపత్రులకు కొదవ లేదు. కానీ దగ్గరుండటం వేరు, అందటం వేరు. మాజీ సైనికుడు ముందు తన పాలీక్లినిక్‌కు వెళ్ళాలి. అక్కడి డాక్టరు రిఫరల్ రాస్తేనే పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రి డబ్బు అడగకుండా చేర్చుకుంటుంది. ప్రాణం మీదికి వస్తే మాత్రం రిఫరల్ అక్కర్లేదు, కార్డుంటే చాలు. పథకంలో లేని ఆసుపత్రికి చేరవలసి వస్తే 48 గంటల్లోగా పాలీక్లినిక్‌కు తెలియజేయాలి. బిల్లు మనం కట్టుకుంటే, తరువాత ప్రభుత్వ రేట్ల మేరకే తిరిగి వస్తుంది. మిగతాది మన నెత్తినే.

ఇంట్లో ఈ సంగతులు తెలిసింది ఒక్క నాన్నకే. ఆయనే మంచాన పడితే? కార్డు ఏ బీరువాలో ఉందో అమ్మకు తెలియదు, పాలీక్లినిక్ ఫోను నంబరు పిల్లలకు తెలియదు. హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

రేపటి మాట

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో సర్వీసు నాలుగేళ్ళు. ఆ తరువాత సైన్యంలో కొనసాగేది నూటికి 25 మంది వరకే. మిగతావారికి పింఛను లేదు, ప్రకటించిన నిబంధనల ప్రకారం ఇ.సి.హెచ్.ఎస్. కూడా లేదు. సర్వీసులో ఉన్నంతకాలమే మిలిటరీ వైద్యం. పాతికేళ్ళ వయసులో తిరిగివచ్చే ఆ కుర్రవాడు మన క్లాసుమేటే కావచ్చు. సరిహద్దులో మోకాలికి తగిలిన దెబ్బ నలభయ్యో ఏట నొప్పిపెడితే ఏ తలుపు తట్టాలి?

మిత్రులారా! జెండా పండుగనాడు సైనికునికి వందనం చేస్తున్నాం, మంచిదే. మనలో ఫౌజీల బిడ్డలు ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఆ కార్డు ఎక్కడుందో చూడండి, అమ్మచేత పద్ధతి వల్లె వేయించండి. మిగిలినవాళ్ళం ఆ నాలుగేళ్ళ జవాను కోసం ప్రశ్న అడుగుదాం. అదే అసలైన వందనం.