సర్వర్ మారింది, సైట్ రాలేదు: తరచూ అడిగే ప్రశ్నలు

బెంగళూరులో సర్వర్ మార్పిడి అంటే చాలావరకు శుక్రవారం రాత్రి పని. మడివాళలో నెల్లూరు, కడప, హైదరాబాద్ బస్సులు కదిలే వేళకు మనవాళ్లు కొందరు ఆఫీసులోనే చిక్కుకుపోతారు. తెల్లారేసరికి నెట్‌వర్క్ సెట్టింగులు కుదరవు, పాత ప్రొవైడర్ ఫోన్ తీయడు, కొత్త ప్రొవైడర్ "మా వైపు అంతా బాగానే ఉంది" అంటాడు. అప్పుడు పుట్టే ప్రశ్నలివి. సగం కమాండ్ల గురించి, సగం కాగితాల గురించి. నన్నడిగితే గొడవంతా రెండో సగంలోనే ఉంటుంది.

నాలుగేళ్లుగా డబ్బు కడుతున్నాం. పాత ఐపీ అడ్రస్‌ను కొత్త డేటా సెంటర్‌కు తెచ్చుకునే హక్కు లేదా?

లేదు. కంపెనీ మారినా మొబైల్ నంబరు వెంట తెచ్చుకునే వీలు 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది గాని, ఐపీకి అలాంటిదేమీ లేదు. మీరు కట్టింది అద్దె. ఆ అడ్రస్ మీ ప్రొవైడర్‌కు కేటాయించిన బ్లాకులో ఒక ముక్క. ఆ బ్లాకును ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఏపీనిక్, దాని కింద మన దేశంలో నిక్సీ నడిపే ఐఆర్‌ఐఎన్‌ఎన్ కేటాయిస్తాయి. అసలు ప్రొవైడర్‌కు కూడా దాని మీద ఉన్నది వాడుకునే హక్కు మాత్రమే.

ఎక్కడికి పోయినా అడ్రస్ వెంట రావాలంటే సొంత ఏఎస్ నంబరు (నెట్‌వర్కును గుర్తించే నంబరు), సొంత బ్లాకు కావాలి. 256 అడ్రస్‌ల కన్నా చిన్న ఐపీవీ4 బ్లాకును ఇంటర్నెట్‌లో మిగతా నెట్‌వర్కులు సాధారణంగా పట్టించుకోవు. ఏపీనిక్ దగ్గర ఐపీవీ4 మామూలు నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది, అప్పటినుంచి రేషనే. ఇరవై మంది ఉన్న కంపెనీ దీని జోలికి పోనక్కర్లేదు. కోడ్‌లో, కాన్ఫిగ్ ఫైళ్లలో ఐపీ అంకెలు రాయకుండా అన్నిచోట్లా పేరుతోనే పిలవడం నేర్చుకుంటే చాలు.

పింగ్ వెళ్తోంది, సైట్ మాత్రం రావట్లేదు. కొత్త ప్రొవైడర్‌ను నిలదీయొచ్చా?

నిలదీసే ముందు ఒప్పందం తీసి 'మేనేజ్డ్' అనే మాట ఉందేమో చూడండి. లేకపోతే కేబుల్, స్విచ్, గేట్‌వే వరకే వాళ్ల పూచీ. ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి సెట్టింగులన్నీ మీ నెత్తినే.

ఆ లోపల చూడాల్సినవి చాలానే ఉంటాయి. మెషీన్ మారితే నెట్‌వర్క్ కార్డు పేరు మారొచ్చు. నిన్నటి ఈటీహెచ్0 ఇవాళ ఈఎన్ఎస్192 అయి కూర్చుంటుంది, పాత పేరు మీద రాసిన సెట్టింగులన్నీ ఉత్తవైపోతాయి. నెట్‌ప్లాన్ ఫైలులో పాత మ్యాక్ అడ్రస్ రాసి ఉంటే అదీ అంతే. రెండు కార్డులకు రెండు డిఫాల్ట్ గేట్‌వేలు ఇస్తే ఒక దారిన వచ్చిన ప్రశ్నకు ఇంకో దారిన జవాబు పోతుంది, మధ్యలో ఫైర్‌వాల్ దాన్ని పారేస్తుంది. హోస్ట్స్ ఫైలులో ఎప్పుడో ఎవరో రాసి మరిచిన పాత ఐపీ అక్కడే ఉంటుంది. చిన్న పింగ్ వెళ్లి పెద్ద పేజీ మధ్యలో ఆగిపోతోందంటే ఎమ్‌టీయూ చూడండి. మామూలుగా అది 1500, క్లౌడ్‌లో వీఎక్స్‌లాన్ మీద నడిచే నెట్‌వర్కుల్లో తరచూ 1450. డీఎన్‌ఎస్‌లో టీటీఎల్ 86,400 సెకన్లుగా వదిలేసి రికార్డు మారిస్తే కొందరికి పూర్తి రోజు పాటు పాత చిరునామానే కనిపిస్తుంది. దాన్ని 300కు తగ్గించాల్సింది మార్పిడికి ముందు రోజు. ఆ రాత్రి తగ్గిస్తే లాభం లేదు.

దూరం నుంచి సెట్టింగు మార్చేటప్పుడు ఉబుంటులో 'నెట్‌ప్లాన్ ట్రై' వాడండి. మీరు 120 సెకన్లలోపు ఖాయం చేయకపోతే పాత సెట్టింగు దానంతటదే తిరిగి వస్తుంది. నెట్‌వర్క్ తెగిపోయినా పనిచేసే కన్సోల్ ఇవ్వమని ప్రొవైడర్‌ను ముందే అడిగి, ఆ మాట ఒప్పందంలో రాయించుకోండి. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు ప్రపంచమంతా మాయమైంది. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల వెన్నెముక నెట్‌వర్కును తెంపేసింది, దాంతో డీఎన్‌ఎస్ పోయింది, సరిచేయడానికి వాడే సొంత పనిముట్లూ పోయాయి. అంతటి వాళ్లకే ఆ గతి.

కొత్త ప్రొవైడర్‌ను గట్టిగా అడగాల్సింది ఒకటుంది, రివర్స్ డీఎన్‌ఎస్, అంటే ఐపీని బట్టి పేరు చెప్పే పీటీఆర్ రికార్డు. అది మీ డొమైన్ ప్యానెల్‌లో ఉండదు, ఐపీ బ్లాకు ఎవరిదో వాళ్ల చేతిలో ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు మెయిల్ పంపే సర్వర్లన్నిటికీ ఇది సరిగ్గా ఉండాలని గూగుల్ నియమం పెట్టింది. సైట్ వచ్చిందని అందరూ ఇళ్లకు వెళ్లాక సోమవారం ఇన్‌వాయిస్‌లు ఎవరికీ చేరలేదంటే మొదట ఇదీ, ఎస్‌పీఎఫ్ రికార్డూ చూడండి. పాత ఐపీని అనుమతి జాబితాలో పెట్టుకున్న బ్యాంకులకు, పేమెంట్ గేట్‌వేలకు కొత్తది ముందే రాతపూర్వకంగా పంపాలి. ఆ పని వాళ్లు ఒక రాత్రిలో చేసిపెట్టరు.

రెండు గంటలు సైట్ ఆగిపోయింది. ప్రభుత్వానికి చెప్పాలా?

మీ సెట్టింగు తప్పి ఆగితే అక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఆరు గంటల్లోపు తెలపాల్సిన సంఘటనల జాబితా ఉంది. అనుమతి లేని ప్రవేశం, డేటా లీకు, సర్వర్ల మీద దాడి లాంటివి అందులోవి.

అయితే మార్పిడి రాత్రే ఆ జాబితాలో పడే ప్రమాదం ఎక్కువ. కార్డు పేరు మారిందని పైన చెప్పాను కదా. ఫైర్‌వాల్‌లో 'ఈటీహెచ్0 మీద 3306 పోర్టు మూసేయి' అని రాసుంటే, ఈటీహెచ్0 అన్నదే లేని మెషీన్‌లో ఆ రూలు ఉన్నా లేనట్టే. మైఎస్‌క్యూఎల్ ఊరందరికీ తెరుచుకుని ఉంటుంది. పైగా సైట్ చక్కగా పనిచేస్తుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆ సందులో ఎవరైనా లోపలికి వచ్చారని తెలిస్తే, తెలిసిన క్షణం నుంచి ఆరు గంటల లెక్క మొదలవుతుంది. ఆదేశాలు పాటించకపోతే ఐటీ చట్టం 70బి కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

అవే ఆదేశాలు లాగ్‌లను 180 రోజులు ఉంచమంటాయి. పాత సర్వర్ ఆపేసి డిస్కు తుడిచేసిన వాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు, లాగ్‌లు ముందు కాపీ చేసుకోండి. గడియారం సంగతీ ఉంది. ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటితో సరిపోలే వాటితో సమయం కలపాలి. పాత డేటా సెంటర్ లోపలి టైమ్ సర్వర్‌ను నమ్ముకున్న మెషీన్ కొత్త చోట దిక్కులేనిదవుతుంది.

లీకైన దాంట్లో జనం వివరాలుంటే వ్యక్తిగత డేటా చట్టం కూడా ఉంది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అప్పటినుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. రక్షణ చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్లొచ్చు.

ఉద్యోగం మానేశాను. పాత మేనేజర్ అర్ధరాత్రి ఫోన్ చేసి "ఒక్కసారి లాగిన్ అయి గేట్‌వే సరిచేసి పెట్టు బాబూ" అంటున్నారు. చేయొచ్చా?

రాతలో అడిగితే చేయండి. ఐటీ చట్టం 43వ సెక్షన్ యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడాన్ని తప్పంటుంది, నష్టపరిహారం కట్టిస్తుంది. అదే పని దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. రేపు ఏదైనా పోతే "నేనెప్పుడు చెప్పాను?" అనడం ఎంతసేపు? ఏ మెషీన్, ఏ మార్పు, ఎన్ని గంటల వరకు అన్నది కంపెనీ మెయిల్ నుంచి రెండు వాక్యాల్లో రాయించుకోండి. పని అయ్యాక మీ కీ తీసేయమని మీరే చెప్పండి.

కంపెనీల వాళ్లకూ ఒక మాట. మానేసినవారి పాస్‌వర్డు ఇంకా పనిచేస్తోందంటే ముందు సరిచేయాల్సింది గేట్‌వే కాదు.

శనివారం రాత్రంతా కూర్చోబెట్టారు. ఓవర్‌టైమ్ వస్తుందా?

1961 నాటి కర్ణాటక షాపులు, వాణిజ్య సంస్థల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టింది. అంతకు మించి చేసిన పనికి రెట్టింపు వేతనం. ఐటీ కంపెనీలకు మినహాయింపు ఇచ్చింది స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థ ఉద్యోగ నియమావళి) విషయంలో, అది వేరే చట్టం. రెండింటినీ కలిపి "ఐటీకి చట్టాలు వర్తించవు" అనడం హెచ్‌ఆర్ గదుల్లో పుట్టిన మాట. మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవారికి మాత్రం ఈ గంటల లెక్క వర్తించదు. అందుకే కాబోలు మన ఊళ్లో ప్రతి మూడో కార్డు మీదా మేనేజర్ అని ఉంటుంది.

బాకీ ఉందని పాత డేటా సెంటర్ మా సొంత మెషీన్‌ను రాక్ నుంచి తీయనివ్వడం లేదు.

ఒప్పందంలో ఆ షరతు ఉందా అన్నదే అసలు ప్రశ్న. కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ ప్రకారం మొత్తం బాకీ కోసం వస్తువును పట్టుకు కూర్చునే హక్కు బ్యాంకర్ల వంటి కొద్దిమందికే ఉంది, మిగతావాళ్లకు ఒప్పందంలో రాసుంటేనే. చాలా ఒప్పందాల్లో రాసే ఉంటుంది, మనం చదవం. వినియోగదారుల కమిషన్‌కు పోదామంటే, వ్యాపారం కోసం తీసుకున్న సేవ దాని పరిధిలోకి రాదు. బాకీలో వివాదం లేని భాగం కట్టి, మిగతాదానికి నోటీసు ఇచ్చి, మెషీన్ తెచ్చుకోవడం మేలు.

బ్యాకప్ సింగపూర్‌లో పెడితే చవక. పెట్టొచ్చా?

పేమెంట్ డేటా అయితే కూడదు. రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6 సర్క్యులర్ ప్రకారం అది దేశంలోనే ఉండాలి.

మా సైట్ కట్టిన కుర్రాడే డొమైన్ కొన్నాడు. డీఎన్‌ఎస్ మార్చమంటే ఫోన్ ఎత్తడం లేదు.

ఇక్కడున్న ప్రశ్నల్లో ఇదే అన్నిటికన్నా కష్టమైనది. సర్వర్ పోతే ఇంకొకటి తెస్తారు, ఐపీ ఎలాగూ మీది కాదు. పేరు ఒక్కటే మీతో ఉండేది, అది వేరేవాళ్ల ఖాతాలో ఉంటే రిజిస్ట్రార్‌కు వాళ్లే యజమాని. మీరు డబ్బు కట్టిన రసీదులు, మెయిళ్లు పోగుచేసి రిజిస్ట్రార్‌కు పంపండి. డాట్ ఇన్ డొమైన్ అయితే నిక్సీ దగ్గర డొమైన్ వివాదాల విధానమైన ఐఎన్‌డీఆర్‌పీ కింద ఆర్బిట్రేటర్ ముందుకు వెళ్లొచ్చు. కానీ ఆ పేరు మీద ట్రేడ్‌మార్కు వంటి హక్కు మీకుందని, అవతలివాళ్లది దురుద్దేశమని చూపించాలి. నెలలు పట్టే పని. ఇంకా గొడవ రానివాళ్లు ఈ వారమే రిజిస్ట్రార్ ఖాతా తెరిచి, డొమైన్ ఎవరి పేరున ఉందో, పాస్‌వర్డు మారిస్తే మెయిల్ ఎవరికి వెళ్తుందో చూసుకోండి.